ఏ ఏటి ఆకు? ఏ ఊరి ఆకు?

క్యూబా సిగార్ పెట్టె అడుగున నెలా సంవత్సరం అచ్చయి ఉంటాయి. అందుకే ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కూడా దాని రుచిని పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లున్నారు. ఒకప్పుడు లండన్ దాకా పేరు మోగిన మన గోదావరి లంక చుట్టకు ఆ రాత లేదు. నాందేడ్ నుంచి లంకల దాకా పారే నది వెంట, వయసొచ్చిన పొగాకు కథ ఇది.

వానాకాలంలో నాందేడ్ దగ్గర గోదావరి మట్టిరంగులో పారుతుంది. మరాఠ్వాడా నల్లరేగడి చేల మీద కురిసిన వాన ఆ మట్టిని కడిగి నదిలో కలుపుతుంది. కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని తెలంగాణలో అడుగుపెట్టే ఈ నీళ్లు, ధవళేశ్వరం కింద పాయలుగా చీలేచోట తమ వెంట తెచ్చిన ఒండ్రును లంకల మీద పరుస్తాయి. వరద తీసిన ఆ నేలలో పండిన ఆకే లంక పొగాకు.

దిగువన పొగాకుకు పుట్టినిల్లయిన ఈ నది, ఎగువన పొగాకును వద్దన్న ఊరి పక్క నుంచే వస్తుంది. 1708 అక్టోబరులో గురు గోబింద్ సింగ్ తనువు చాలించింది నాందేడ్‌లోనే. ఆయన 1699లో నెలకొల్పిన ఖాల్సాలో అమృతం పుచ్చుకున్న సిక్కుకు నాలుగు పెద్ద నిషేధాలున్నాయి. వాటిలో పొగాకు ఒకటి. 19వ శతాబ్దంలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించిన సచ్‌ఖండ్ హుజూర్ సాహిబ్‌కు దేశం నలుమూలల నుంచీ వచ్చే భక్తులకు ఆ మాట తెలుసు. సిగరెట్ పెట్టెతో ఆ గడప తొక్కరు.

అలాంటి ఊరి నుంచి మొదలుపెట్టి క్యూబా సిగార్ల గురించి రాయడానికి కారణం ఉంది. పాత సిగార్లను సేకరించి, ఏడాదికేడాది పోల్చి చూసే సరదా ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. డబ్బున్నవాళ్ల విలాసంగా దాన్ని చూసి వదిలేయడం తేలిక. కాస్త లోపలికి వెళితే కనిపించేది మాత్రం ఒక వ్యవసాయ చరిత్ర. ఒక ద్వీపం తన పంటను తేదీలతో సహా ఎలా గుర్తుపెట్టుకుంది, అంతే నేర్పున్న మన లంకలు ఎందుకు గుర్తుపెట్టుకోలేకపోయాయి అన్న ప్రశ్న అక్కడ ఎదురవుతుంది.

పెట్టె అడుగున ఏముంది?

పాత సిగార్ల మీద మోజున్నవారు పెట్టె చేతికి రాగానే మూత తెరవరు, తిరగేస్తారు. అడుగున చెక్క మీద కాల్చి వేసిన ముద్రలుంటాయి. ‘క్యూబాలో తయారైంది’ అనే మాట ఒకటి. ‘పూర్తిగా చేత్తో చుట్టింది’ అనే మాట ఇంకొకటి. రెండోది 1989 నుంచి మొదలైంది కాబట్టి, అది లేని పెట్టె అంతకంటే పాతదని అక్కడే తేలిపోతుంది.

అసలు ఆసక్తి వాటి పక్కనుండే సిరాముద్ర మీద. 1985 నుంచి ప్రతి పెట్టె మీదా ఏ కార్ఖానాలో, ఏ నెలలో తయారైందో సంకేతంగా వేయడం మొదలుపెట్టారు. ‘నివెల్ అకూసో’ అనే పది అక్షరాల స్పానిష్ మాటలో ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె. మొదటిది 1, తొమ్మిదోది 9, చివరిది 0. పెట్టె మీద ‘ఓ, ఏ, ఎస్, సి’ అని నాలుగు అక్షరాలుంటే 0, 6, 9, 7 అని చదవాలి. అంటే 1997 జూన్. కార్ఖానా వాళ్లు తమ లెక్క కోసం పెట్టుకున్న ఈ గుర్తును సేకరించేవాళ్లు విప్పుకొని, దాన్నే తమ పంచాంగంగా చేసుకున్నారు. 2000 వచ్చేసరికి ఈ అక్షరాలు పోయి, స్పానిష్‌లో నెల పేరులోని మూడక్షరాలు, పక్కన సంవత్సరంలోని చివరి రెండంకెలు వచ్చాయి. ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు.

పెట్టె అంచున అంటించే హామీ ముద్ర ఇంకా పాతది. హవానా తయారీదారులు తమ సరుకు మీద ముద్ర వేసుకునేందుకు 1889లో స్పెయిన్ రాజు అనుమతి ఇచ్చాడు. స్వతంత్ర క్యూబా 1912లో దానికి చట్టం చేసింది. నోటు కాగితంలా కనిపించే ఆ ఆకుపచ్చ ముద్ర రూపం వందేళ్లలో పెద్దగా మారలేదు. దొంగ సరుకు బెడద పెరగడంతో ఈ మధ్య హోలోగ్రామ్, బార్‌కోడ్ చేరాయి.

తేదీకి ఎంత విలువ వచ్చిందో 1962 చెబుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ క్యూబాతో వ్యాపారాన్ని నిషేధించాడు. ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు, తనకు ఇష్టమైన పెతీ ఉప్‌మన్ సిగార్లు వెయ్యి తెమ్మని పత్రికా కార్యదర్శి పియర్ శాలింజర్‌ను పురమాయించాడు. శాలింజర్ 1,200 పట్టుకొచ్చాడు. ఆ తర్వాతే కెన్నెడీ సంతకం పెట్టాడని శాలింజరే స్వయంగా చెప్పాడు. ఆ నాటికి అమెరికాలో మిగిలిపోయిన పెట్టెలు ‘నిషేధానికి ముందటివి’ అనే పేరుతో నేటికీ వేలాల్లో పలుకుతున్నాయి.

ఆకు ముదిరే తీరు

క్యూబా పశ్చిమ కొసన పినార్ దెల్ రియో ప్రాంతం ఉంది. అందులో వ్వెల్తా అబాహో అనే ఎర్రనేలల సీమ ఆకుకు పేరు పెద్దది. పైపొరకు వాడే ఆకును పల్చటి గుడ్డ పందిళ్ల కింద, ఎండ నేరుగా తగలకుండా పెంచుతారు. లోపల కూరే ఆకుకు ఎండ కావాలి. మొక్క మీద ఆకు ఎక్కడ కాసిందన్నదాన్ని బట్టే దాని గుణం. అడుగునున్నది ‘వొలాదో’, నిప్పు బాగా అంటుకుంటుంది, ఘాటు తక్కువ. నడుమది ‘సెకో’, వాసన దీని సొత్తు. పైన ఎండంతా తాగినది ‘లిహేరో’, మందంగా, జిడ్డుగా ఉండి, సిగార్‌కు బలం ఇచ్చేది ఇదే. ఈ మూడింటి పాళ్లే ఒక పేరుగల సిగార్‌ను ఇంకొకదాని నుంచి వేరు చేస్తాయి.

కోసిన ఆకును కర్రలకు కట్టి ఆకుకొట్టాల్లో యాభై రోజుల పాటు గాలికి ఆరబెడతారు. తర్వాత మండె వేస్తారు. ఇక్కడే పొగాకు పొగాకవుతుంది. తడిపి దొంతరగా పేర్చిన ఆకు తనంతట తానే వేడెక్కుతుంది. ఆ వేడిలో అమ్మోనియా బయటికి పోతుంది, పచ్చివాసన తగ్గుతుంది, రంగు తిరుగుతుంది. మండె నడిమధ్యకు చేయి పెట్టి చూసి, వేడి హద్దు దాటుతోందనిపిస్తే విప్పి, లోపలి ఆకు పైకీ పై ఆకు లోపలికీ మార్చి మళ్లీ పేరుస్తారు. ఆ తర్వాత మూటల్లో విశ్రాంతి. లిహేరోకు కనీసం రెండేళ్లు, సెకోకు ఏడాదికి పైన, వొలాదోకు తొమ్మిది నెలలు దాటాక గానీ చుట్టేవాళ్ల బల్ల మీదికి రావు.

చుట్టడం పూర్తయ్యాక కూడా ఆకులో మార్పు ఆగదు. కొత్త బియ్యం ముద్దకట్టి, అదే ఏడాది మాగితే మెతుకు మెతుకుగా విడివడినట్టు, కొత్తగా చుట్టిన సిగార్‌లోని కరుకు కొన్నాళ్లకు సద్దుమణుగుతుంది. హాంకాంగ్‌కు చెందిన మిన్ రాన్ నీ విప్లవం తర్వాతి హవానా సిగార్ల మీద 2003లో పెద్ద విజ్ఞాన గ్రంథం వెలువరించారు. సిగార్ ముదిరే దశలను అందులో వివరించారు. చుట్టిన కొత్తలో అమ్మోనియా కంపు కొట్టే ‘జబ్బు’ కాలం, అది పోయాక వచ్చే మొదటి పాకం, ఘాటు తగ్గి రుచి గుండ్రబడే రెండో దశ, ఏళ్ల తర్వాత సువాసన మాత్రమే నిలిచే చివరి దశ. ఘాటైన ఆకు ఎక్కువున్న సిగార్ చాలా ఏళ్లు ఎదురుచూడాలి. పలుచటిది తొందరగా మాగి తొందరగా చప్పబడుతుంది. పాతదంతా మంచిదేమీ కాదన్నది ఈ సరదాలో మొదట నేర్చుకునే పాఠం.

దాచడం అన్నిటికంటే కష్టం. తేమ 65 నుంచి 70 శాతం మధ్య, వేడి 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉండాలి. వేడి పాతిక డిగ్రీలు దాటితే ఆకులో నిద్రపోతున్న పొగాకు పెంకు పురుగు గుడ్లు లేస్తాయి. పైపొర మీద గుండుసూది గుచ్చినట్టు ఒక్క చిల్లి కనిపించిందంటే పెట్టెంతా పాడైందని భయం. వేసవిలో నలభై దాటే నాందేడ్ ఎండలో, వానాకాలంలో బూజుపట్టే గాలిలో, చల్లబరిచే అర లేకుండా ఈ ఆకు ఏడాది కూడా నిలవదు. ముదిరిన సిగార్ వెనక కరెంటు, ఓపిక, ఖర్చు మూడూ ఉంటాయి.

పోల్చి చూసే పద్ధతి

ఈ సరదాలో పట్టున్నవాళ్లు ఒకే పేరు, ఒకే కొలత ఎంచుకుంటారు. ఉదాహరణకు మోంటెక్రిస్టో నాలుగో నంబరు. పొడవు 129 మిల్లీమీటర్లు, లావు 42. సిగార్ లావును అంగుళంలో 64వ వంతుల్లో కొలుస్తారు. క్యూబా సిగార్లలో ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే కాబట్టి వేర్వేరు ఏళ్లవి దొరకడం తేలిక. మూడు వేర్వేరు సంవత్సరాలవి తీసుకొని, నడుముకున్న కాగితపు పట్టీలు విప్పేసి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత అందుకుంటారు. తేదీ తెలిస్తే నాలుక ముందే తీర్పు చెప్పేస్తుంది. పాతది అనగానే గొప్పగా ఉందనిపించడం మనిషి గుణం.

ముందు చూపు. పైపొర మీద ఈనెలు ఎంత సన్నగా ఉన్నాయి, జిడ్డు మెరుపు మిగిలిందా ఆరిపోయిందా? తర్వాత వేళ్లు. మెల్లగా నొక్కితే ఎక్కడైనా గట్టిగా తగిలిందా? తర్వాత ముక్కు. వెలిగించకముందు కొస దగ్గర వచ్చే వాసనలో కొట్టంలోని ఎండుగడ్డి, తోలు, దేవదారు కర్ర, కోకో లాంటివి వెతుకుతారు. కొస కోశాక నిప్పు లేకుండానే ఒకసారి గాలి పీల్చి, దారి సాఫీగా ఉందో లేదో చూస్తారు. వెలిగించాక సిగార్‌ను మూడు భాగాలుగా లెక్కవేసి ఒక్కో భాగానికీ విడిగా రాసుకుంటారు. పొగను నోటిలోనే ఆపి వదిలేస్తారు, గుండెల్లోకి తీసుకోరు. నడుమ మంచినీళ్లతో నోరు కడుక్కుంటారు.

ఒకే పెట్టెలోని రెండు సిగార్లు కూడా ఒకలా ఉండవు. వాటిని చుట్టిన చేతులు వేరు, ఆ రోజు తేమ వేరు. ఒక్కటి కాల్చి ‘ఈ ఏడాది మంచిది’ అని చెప్పడం న్యాయం కాదని అనుభవమున్నవాళ్లు అంటారు. కాలుస్తూ ఇలా రాసుకున్న మాటలే ఈ సరదాకు ప్రాణం. పొగ గాలిలో కలిసిపోతుంది. ఐదేళ్ల కిందట అదే పెట్టె ఎలా ఉందో రాసి ఉంటేనే ఇవాళ్టి మాటకు అర్థం.

సంవత్సరం మారితే చరిత్ర మారుతుంది

పక్కపక్కన పెట్టిన మూడు సిగార్లు మూడు పంటల సంగతి చెబుతాయి. 1979, 80లలో నీలిబూజు తెగులు క్యూబా పొగాకును దాదాపు తుడిచిపెట్టింది. ఆ కాలపు సరుకు అరుదు. అప్పటిదాకా పైపొరకు పేరుపడిన కొరోహో విత్తనం ఈ తెగులును తట్టుకోలేదని తేలింది. 1990ల చివర్లో దాని స్థానంలో హబానా-2000 వచ్చింది. తెగులుకు నిలబడింది గానీ ఆకు మందంగా ఉండి సరిగా కాలదని ఫిర్యాదులు. తర్వాత క్రియోయో-98, కొరోహో-99 వచ్చాయి.

అదే కాలంలో అమెరికాలో సిగార్ల మోజు రేగి ప్రపంచమంతా గిరాకీ పెరిగింది. సోవియట్ యూనియన్ కూలి డాలర్ల కోసం అల్లాడుతున్న క్యూబా ఉత్పత్తి పెంచింది. తొందరలో కొత్తవాళ్లు చుట్టిన సిగార్లు బిగుసుకుపోయి గాలి ఆడేవి కావు. దాంతో సిగార్‌లోంచి గాలి ఎంత ధారాళంగా ఆడుతోందో చూసే యంత్రాలను కార్ఖానాల్లో పెట్టారు. 1990ల చివరి పెట్టె తెరిచినవాళ్లకు బిగుసుకున్న సిగార్ తగిలితే, దాని వెనకున్నది ఒక దేశపు డబ్బు ఇబ్బంది.

2022 సెప్టెంబరు 27న ఇయన్ తుఫాను పినార్ దెల్ రియో మీద విరుచుకుపడింది. ఆకుకొట్టాలు వేల సంఖ్యలో నేలకూలాయి. ఆ తర్వాతి ఏళ్ల తేదీలున్న పెట్టెలను భవిష్యత్తులో తెరిచేవాళ్లు ఆ గాలివానను గుర్తు చేసుకుంటారు. ముద్ర ఉంది కాబట్టే అది సాధ్యం.

షెర్లాక్ హోమ్స్ ఎరిగిన లంక చుట్ట

ఇప్పుడు మన నది దగ్గరికి రావాలి. 1890లో వచ్చిన ఆర్థర్ కానన్ డాయల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో, పొగాకు బూడిదల తేడాల మీద తానొక చిన్న పుస్తకం రాశానని షెర్లాక్ హోమ్స్ చెబుతాడు. అందులో 140 రకాల పొగాకులున్నాయంటాడు. ఉదాహరణగా ఆయన నోట వచ్చిన పేర్లలో తిరుచిరాపల్లి చుట్టతో పాటు మన లంక చుట్ట ఉంది. హంతకుడు లంక చుట్ట కాల్చేవాడని తేలితే వెతుకులాట ఎంతో తగ్గుతుందని ఆయన వాదన. ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువు ‘హాబ్సన్-జాబ్సన్’ కూడా గోదావరి డెల్టా లంకల్లో పండిన ఆకుతో చేసే ఘాటైన చుట్టగా, మద్రాసు ప్రెసిడెన్సీలో గిరాకీ ఉన్న సరుకుగా దాన్ని ప్రస్తావించింది.

హోమ్స్ ఆ మాట అన్న రెండేళ్లకు, 1892లో, విజయనగరంలో ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగస్థలమెక్కింది. గిరీశం చేతిలో చుట్ట లేకుండా ఆ నాటకాన్ని ఊహించలేం. చుట్ట మాహాత్మ్యాన్ని శిష్యుడికి ఉపదేశించే ఘట్టం తెలుగువాళ్లందరికీ గుర్తే. లండన్ గదిలోని అపరాధ పరిశోధకుడికీ ఉత్తరాంధ్ర వీధిలోని వాచాలుడికీ తెలిసిన సరుకది.

లంక ఆకు గొప్ప అంతా వరదలో ఉంది. వానాకాలం లంకలు మునిగి, నీళ్లు తీశాక మిగిలిన కొత్త ఒండ్రులో శీతాకాలం నాట్లు. ఏటా నేల కొత్తదవుతుంది. ఆ బలంతో ఆకు దళసరిగా, ఘాటుగా వస్తుంది. కోసి పందిళ్ల కింద గాలికి ఆరబెట్టి, మండె వేసి, తిరగేసి, రంగు కుదిరాక చుట్టలకు పంపుతారు. పినార్ దెల్ రియోలో చేసే పనికీ దీనికీ మూలసూత్రం ఒక్కటే. తేడా పనితనంలో కంటే పద్దులో ఉంది. సిగార్‌కు ఒక కొస మూసి ఉంటుంది, చుట్టకు రెండు కొసలూ తెరిచే ఉంటాయి. సిగార్ పెట్టెకు తేదీ ఉంటుంది. చుట్టల కట్టకు దారం మాత్రమే.

ఒక్కసారి ఆలోచించండి. 1986 ఆగస్టులో గోదావరికి భద్రాచలం దగ్గర 75.6 అడుగుల వరద వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. ఆ వరదలు తీశాక లంకల మీద ఎంత ఒండ్రు పడింది, ఆ శీతాకాలం ఆకు ఎలా వచ్చింది? మామూలు ఏడాది ఆకుకూ దానికీ ఘాటులో, కాలే తీరులో, బూడిద రంగులో తేడా ఉందా? రైతుకు తెలుసు. చుట్ట చుట్టినవాళ్ల వేళ్లకు తెలుసు. కాల్చినవాళ్లు అరుగుల మీద కూర్చుని వాదించుకునే ఉంటారు. ఆ జ్ఞానం ఏ కట్ట మీదా, ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఎగువన జాయక్‌వాడీ, నాందేడ్ పక్కనే విష్ణుపురి, దిగువన శ్రీరాంసాగర్ ఒండ్రును ఆపుకుంటున్నాయి. మరాఠ్వాడా మట్టి లంకలకు చేరే దారి సన్నబడింది. పాత ఆకుతో పోల్చడానికి మన దగ్గర తేదీ ఉన్న ఒక్క కట్ట కూడా చేతికందదు.

రాజమహేంద్రవరంలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ వెలిసింది. గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. వేలం కేంద్రాల్లో చెక్కు విప్పి, ఆకును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి క్షణంలో గ్రేడు చెప్పేవాళ్లు మన దగ్గర తరాలుగా ఉన్నారు. ఆ ముక్కు, ఆ వేళ్లు హవానా నిపుణుడి వాటికంటే ఏ విధంగానూ తక్కువ కావు. అయితే ఆ తీర్పు సిగరెట్ కంపెనీ ధరగా మారి అక్కడితో ఆగిపోయింది. రుచి మాటగా జనంలోకి రాలేదు.

సరిహద్దులో చాట ముందు

నాందేడ్ జిల్లా తెలుగువాళ్లకు పరాయిది కాదు. 1956 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రం. దెగ్లూర్, బిలోలీ, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు వినిపిస్తుంది. ఇప్పటికీ నాందేడ్ రైల్వే డివిజన్ సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోనిదే. ఈ సరిహద్దుకు రెండు వైపులా పొగాకు అంటే బీడీ. కిన్వట్ అడవుల్లో, ఆదిలాబాద్ అడవుల్లో వేసవి మొదట్లో తునికాకు సేకరణ సాగుతుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని, కత్తెరతో ఆకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి దారం కడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. షోలాపూర్‌లోని తెలుగు ఇళ్లలోనూ ఇదే బతుకు.

హవానాలో 1865 నుంచి సిగార్ కార్ఖానాల్లో ఒక ఆచారం ఉంది. చుట్టేవాళ్లు పని చేసుకుంటుంటే ఎత్తు పీట మీద కూర్చుని ఒకరు పొద్దున పత్రికలు, తర్వాత నవలలు చదివి వినిపిస్తారు. మోంటెక్రిస్టో అనే పేరు అలా విన్న డ్యూమా నవల నుంచి వచ్చిందే. పనివాళ్లే జీతంలోంచి తలాకొంత వేసుకొని ఆ చదువరిని పోషించేవారు. అక్కడ ఆకు చుట్టే చేతికి గౌరవం, పేరు, నిర్ణీతమైన మెట్లు ఉన్నాయి. చాట ముందు కూర్చున్న మన అమ్మకు ఆకు తడి ఎంతుండాలో, ఎక్కడ కత్తెర పడాలో అంతే కచ్చితంగా తెలుసు. ఆమె పేరు ఏ కట్ట మీదా లేదు. చేతులకు, ఊపిరికి పట్టే తంబాకు దుమ్ము మాత్రం ఆమెదే.

పొగ గురించి దాచకూడని మాట

ఆకును మెచ్చుకోవడం వేరు, పొగను సమర్థించడం వేరు. సిగార్ పొగ మింగకపోయినా నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పుకొసను నోటిలో పెట్టుకొని అడ్డపొగ తాగే అలవాటు వల్ల అంగుడి క్యాన్సర్లు వచ్చాయని విశాఖ వైద్యులు దశాబ్దాల కిందటే పరిశోధించి చెప్పారు. దేశంలో ఏటా 13 లక్షల మందికి పైగా పొగాకు వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నేరం. మూడు శతాబ్దాల కిందట నాందేడ్‌లో కన్నుమూసిన గురువు తన వాళ్లకు విధించిన నియమంలో ఎంత ముందుచూపుందో ఈ లెక్కలు చూస్తే తెలుస్తుంది. ఈ సరదా మొదలుపెట్టమని ఎవరికీ చెప్పలేను, చెప్పను.

అలాగని ఆకుతో పాటు దాన్ని ఎరిగిన విద్యనూ పూడ్చిపెట్టాల్సిన పని లేదు. పొగాకు సాగు తగ్గాలి, తగ్గుతుంది. రైతు వేరే పంటకు మారాలి. మారేలోపు రాసుకోవలసింది చాలా ఉంది.

ఇప్పుడైనా రాసుకుందాం

లంకల్లో ఆకు పండించి, మండె వేసి, చుట్ట చుట్టిన తరంలో ఇంకా కొందరున్నారు. వరద ఎన్ని అడుగులు వస్తే ఆకు ఎలా ఉండేది, మండె ఎన్నాళ్లకు తిరగేసేవారు, మంచి ఆకు విరిస్తే చప్పుడు ఎలా ఉండాలి, ఏ లంక ఆకు ఏ ఊరికి వెళ్లేది, ఇవన్నీ వాళ్ల నోట విని తెలుగులో నమోదు చేయాలి. పరిశోధనా సంస్థలు లంక విత్తనాన్ని, తేదీ వేసిన ఆకు నమూనాను అద్దాల వెనక భద్రపరచాలి. కాల్చే అవసరం లేకుండానే వాసన, ఈనె, బూడిద, రసాయన గుణం అన్నీ నమోదు చేయవచ్చు. హోమ్స్ 140 బూడిదలను ఊహలో పోల్చాడు. నిజంగా పోల్చగల ఆకు మన నదిది.

ఈ అలవాటు పొగాకుతో ఆగనక్కర్లేదు. నాందేడ్, హింగోలి, నిజామాబాద్‌లను కలిపి గోదావరి పసుపు సీమ అనవచ్చు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. బస్తా మీద ఊరు, నేల రకం, తవ్విన నెల, ఉడికించిన తీరు అచ్చు వేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఆ రాత ఉంటే కొనేవాడు ఈ ఏటి పసుపును కిందటేటి పసుపుతో పోల్చగలడు. ధర్మాబాద్ పసుపుకూ ఆర్మూర్ పసుపుకూ తేడా పట్టగలడు. మంచి పంటకు మంచి ధర అడిగే ఆధారం రైతు చేతికి వస్తుంది. లంక రైతుకు దక్కనిది అదే. ఆకు గొప్పదని లోకం ఒప్పుకున్నా, ఫలానా ఊరి, ఫలానా ఏటి ఆకు అని నిరూపించే కాగితం అతని దగ్గర లేదు. అందుకే పేరు చుట్టకు వెళ్లింది, లాభం దాన్ని అమ్మినవాడికి వెళ్లింది.

క్యూబా తన పెట్టె మీద వేసింది నాలుగక్షరాలే. ఆ నాలుగక్షరాల వల్ల అక్కడి తెగులు, తుఫాను, విత్తనం, కరువు కాలం అన్నీ ఇవాళ్టికీ జనం నోళ్లలో ఉన్నాయి. గోదావరి ఒడ్డున ఎగువ నుంచి దిగువ దాకా ఏ పంట పండించినా, ఊరు పేరూ ఏటి పేరూ దాని మీద వేసే పని ఈ సీజన్ నుంచే మొదలుపెట్టవచ్చు. పొగ పూర్తిగా ఆగిపోయిన రోజున కూడా, ఈ నేల మీద పనిచేసినవాళ్లు ఏమి ఎరిగి ఉండేవారో తర్వాతి తరానికి ఆ రాత చెబుతుంది.